నాన్న వేసిన గడ్డి

మా నాన్న గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయకుండా ఉండలేక రాస్తున్నాను. ఆ గోడ సంగతి జరిగి నాలుగు నెలలు దాటింది. ఇప్పటికీ బడిలో ఆ వసారా దాటేటప్పుడు నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. నేను లెక్కల టీచర్ని. ప్రతిదానికీ ఒక సమాధానం ఉంటుందని పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేదాన్ని. పుట్టి ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఒకే బల్ల దగ్గర తిని, మా ఇంట్లో ఏం నడుస్తోందో నాకు తెలియలేదంటే నన్ను నేను ఏమని తిట్టుకోవాలి?

నాన్న ఇళ్ళకు రంగులు వేస్తాడు. పద్నాలుగో ఏట కుంచె పట్టాడు, ఇప్పుడు యాభై తొమ్మిది. ఆయన అసలు పేరు చెబితే మా వీధిలో ఎవరూ గుర్తుపట్టరు. ‘గీతల మేస్త్రీ’ అంటే చాలు, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా గుమ్మంలో దిగబెడతారు. గోడకూ పైకప్పుకూ మధ్య, తలుపు చట్రానికీ గోడకూ మధ్య, ఒక రంగు ఆగి ఇంకో రంగు మొదలయ్యే చోట ఆయన గీసే గీత అలాంటిది. మిగతా పెయింటర్లు అక్కడ టేపు అంటించి, రంగు పూసి, ఆరాక టేపు పీకుతారు. నాన్న టేపు ముట్టడు. నిచ్చెన మీద ఊపిరి బిగబట్టి, కుంచె అంచు గోడకు ఆనించి ఒక్క లాగుడు లాగుతాడు. “టేపు వేసేవాడు పెయింటరేంటి, పార్సిళ్ళు కట్టేవాడు” అంటాడు. పొగరు. అది నాకూ వచ్చింది, దాచుకోను.

ఆయన వెంట ఎప్పుడూ అమ్మ ఉండేది. రంగులు కలపడం అమ్మ పని. “గీత గీయడం చేతిపని. రంగు కలపడం కూరలో ఉప్పు వేసినట్టు, అది మీ అమ్మకే తెలుసు” అనేవాడు నాన్న. అమ్మ డబ్బా మూత తీసి, కర్రతో తిప్పి, గోడ మూల వేలెడు చార గీసి చూసి, “ఇదిగోండి లేత ఆకుపచ్చ, కిటికీలకి” అని బకెట్టు ఆయన చేతికి అందించేది. బకెట్ల పిడులకు గుడ్డపీలికలు కట్టే అలవాటు కూడా ఉండేది ఆమెకు. పాత దుప్పటి చింపిన పీలికలు. ఆకుపచ్చ పోసిన బకెట్టుకు గుడ్డ కడుతుంది, ఎరుపుకూ గోధుమ రంగుకూ కట్టదు. అదంతా అమ్మ చాదస్తమని నాన్న నవ్వేవాడు, నేనూ నవ్వేదాన్ని. పెళ్ళైన నెల నుంచి అమ్మ ఒక్క రోజు కూడా ఆయన్ని ఒంటరిగా పనికి పంపలేదు. నేను పుట్టాక నన్ను చంకనేసుకుని మరీ వెళ్ళిందట. “నన్ను వదిలి ఒక్క పూట ఉండలేదురా మా ఆవిడ” అని నాన్న తోటివాళ్ళ దగ్గర మీసం దువ్వేవాడు.

ఇంత పనితనం ఉన్న మనిషికి ఒక్కటే దిగులు. రంగు నిలవదు. మూడేళ్ళకో అయిదేళ్ళకో ఇంటివాళ్ళు మళ్ళీ వేయిస్తారు. తను వేసిన రంగు మీద తనే రెండుసార్లు, మూడుసార్లు వేసిన ఇళ్ళున్నాయి. మా వీధి చివర మూడంతస్తుల ఇంటికి నలభై రోజులు కష్టపడి వేస్తే, ఏడాది తిరక్కుండానే కొన్నవాడు రాతి పలకలు అంటించేశాడు. ఆ రోజు నాన్న అన్నం ముందు కూర్చుని, “నలభై అయిదేళ్ళు వేశానమ్మాయ్. ఇది నాది అని ఒక్క గోడ చూపించు” అన్నాడు. నేను ఏదో జోకు వేసి తప్పించుకున్నాను. చూపించడానికి నిజంగానే ఏమీ లేదు.

అందుకే బడి గోడ సంగతి వచ్చినప్పుడు నేనే ఆయన పేరు ఇచ్చాను. బడి భవనాల మీద చిత్రకారులూ పిల్లలూ కలిసి శాశ్వతంగా ఉండే బొమ్మలు వేయాలనే పథకం ఒకటి మా బడికి వచ్చింది. పథకం వాళ్ళు పంపిన చిత్రకారిణి నా ఈడుదే. పొట్టి జుట్టు, జేబుల నిండా సుద్దముక్కలు. వచ్చిన మొదటి రోజే పిల్లలు ఆవిడకు ‘బొమ్మల టీచర్’ అని పేరు పెట్టేశారు. ఆవిడ వేసే పద్ధతి మామూలు పెయింటు కాదు. గోడకు సున్నం గచ్చు పూసి, అది తడిగా ఉండగానే మట్టిరంగులు నీళ్ళలో కలిపి వేయాలి. సున్నం ఆరుతూ రంగును లోపలికి తాగేస్తుంది. “ఆరాక అది గోడ మీద రంగు కాదు, గోడే. తప్పు పోతే తుడవలేం. చెక్కి పారేయాల్సిందే” అంది. సున్నం తెలిసిన పాతకాలపు చెయ్యి కావాలంది. నేను నాన్నను తీసుకెళ్ళాను.

నాన్న ఆవిడ చెప్పిందంతా విని రెండే ప్రశ్నలు అడిగాడు. “దాని మీద మళ్ళీ ఎవరూ రంగు వెయ్యరా?”

“వెయ్యరు మేస్త్రీ గారూ.”

“ఎన్నాళ్ళుంటుందమ్మా?”

“గోడ ఉన్నన్నాళ్ళు.”

ఆ సాయంత్రం నాన్న కొత్త కుంచె కొనుక్కొచ్చి, దాని వెంట్రుకలు వేళ్ళతో సవరిస్తూ కూర్చున్నాడు. పరీక్ష ఫస్టు క్లాసులో పాసైన పిల్లాడిలా ఉన్నాడు. “నేను పోయాక కూడా ఉంటుందటే” అన్నాడు అమ్మతో. అమ్మ “ముందు సున్నం నానబెట్టండి, పోయేది తర్వాత చూద్దాం” అంది.

అయిదో తరగతి పిల్లలు ముప్పై ఒక్కమంది. బొమ్మ వాళ్ళదే. ఆటస్థలంలో పచ్చటి గడ్డి, దాని మీద ముప్పై ఒక్కమంది పిల్లలూ. ఎవరి బొమ్మ వాళ్ళే గీసుకోవాలి, తమకు ఇష్టమైన పని చేస్తున్నట్టు. ఒకడు చేతుల మీద నిలబడ్డాడు. ఒకతి పుస్తకం చదువుతోంది. పదకొండు మంది మాత్రం గడ్డి మీద వెల్లకిలా పడుకున్నారు. ఎందుకర్రా ఇంతమంది పడుకున్నారని అడిగితే, నిలబడ్డ మనిషిని గీయడం కష్టం టీచర్ అన్నారు. నాన్న మూడు వారాలు వాళ్ళకు కుంచె పట్టడం నేర్పాడు. కసురుకున్నాడు, వేళ్ళు సరిచేశాడు, ఊపిరి బిగబట్టించాడు. ముప్పై ఒక్కమందీ బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టి గీతలు గీస్తుంటే వసారా అంతా నిశ్శబ్దం. నా క్లాసులో ఒక్కనాడు కూడా అంత నిశ్శబ్దం లేదు, ఆ సంగతి ఆయన ఇంట్లో రోజూ గుర్తు చేసేవాడు.

గోడ పని ఇంకా నాలుగు రోజులుందనగా అమ్మ మెట్ల మీద జారి పడింది. మడమ దగ్గర ఎముక విరిగింది. కాలికి కట్టు వేసి, ఆరు వారాలు కాలు కింద మోపకూడదన్నారు. అమ్మ నొప్పికి ఏడవలేదు. బడికి రావద్దంటే ఏడ్చింది.

“కుర్చీలో కూర్చుంటాను. ఎవరికీ అడ్డం రాను. రంగులు కలిపి ఇచ్చి వచ్చేస్తాను” అంది.

“అక్కడ కలపడానికి బొమ్మల టీచరుంది. కుంటుకుంటూ వస్తే పిల్లలు నవ్వుతారే” అన్నాడు నాన్న.

“నవ్వనీయండి.”

నేను మధ్యలో దూరి అరిచాను. “ఆరు వారాలు కదలొద్దన్నారు కదమ్మా! నాన్నేమైనా చంటిపిల్లాడా? నలభై అయిదేళ్ళ సర్వీసు!” అమ్మ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం ముసలితనం, మొండితనం అనుకున్నాను. చివరికి మంచం మీద కూర్చునే ఒక బకెట్టు పిడికి గుడ్డ కట్టి, “ఆకుపచ్చ ఇందులోనే పోయించండి. గడ్డికి గుడ్డ కట్టిన బకెట్టు. బొమ్మ కింద, పునాది మీద ఇటుకల వరసకు ఎరుపు రెండోదాంట్లో” అని మూడుసార్లు చెప్పింది. నాన్న మూడుసార్లూ “సరేనే తల్లీ” అన్నాడు.

ఆ శుక్రవారం తెల్లవారగానే నాన్న చివరి పూత గచ్చు పూశాడు. పన్నెండడుగుల పొడుగు, ఆరడుగుల ఎత్తు. ఎనిమిదింటికి పిల్లలు వచ్చి, బొమ్మల టీచర్ చిన్న గిన్నెల్లో పోసిచ్చిన రంగులతో తమ బొమ్మలు వేసుకున్నారు. ఒక్కొక్కటి జానెడుంటుంది. నేను మధ్యమధ్య క్లాసులోంచి తొంగి చూశాను. ముచ్చటేసింది. నా క్లాసులో కూడికలకు కూడా పెన్సిలు కొరికే పిల్లవాడు నాలుక బయటపెట్టి తన చెవులు తను వేసుకుంటున్నాడు. పన్నెండింటికి బొమ్మలు అయిపోయాయి. పిల్లలు తిండికి, ఆ తర్వాత పరీక్షకు వెళ్ళిపోయారు. బొమ్మల టీచర్ని పథకం వాళ్ళు మా పెద్ద టీచర్ గదికి పిలిపించారు. గచ్చు ఆరిపోతోంది. ఆవిడ పరుగెత్తబోతూ, “మేస్త్రీ గారూ, గడ్డి మీరు నింపేయండి. బొమ్మల అంచులు మీకంటే ఎవరికి కుదురుతాయి?” అని వెళ్ళింది.

మూడు గంటలు నాన్న ఒక్కడే గోడ ముందున్నాడు.

మూడున్నరకు బడి వదిలారు. పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లిదండ్రులు లోపలికి వస్తున్నారు. వసారా వైపు నుంచి ఒక ఆడమనిషి కేక వినిపించింది. ఎవరో పడిపోయారనుకుని నేను సుద్ద చేత్తోనే పరుగెత్తాను.

గోడంతా ఎర్రగా ఉంది.

తడి మీద జేగురు రంగు ఎలా ఉంటుందో నాకు అంతకుముందు తెలియదు. పన్నెండడుగుల పొడుగున ముదురు ఎరుపు. దాని మధ్య మా పిల్లలు. పదకొండు మంది వెల్లకిలా, చేతులు చాచి, కళ్ళు మూసుకుని. చేతుల మీద నిలబడ్డవాడు తల ఆ ఎరుపులో ఆనించి ఉన్నాడు. ఏ ఒక్క బొమ్మ అంచూ చెదరలేదు. ప్రతి వేలి చుట్టూ, ప్రతి జడ చుట్టూ నాన్న గీసిన గీత కత్తితో కోసినట్టుంది. అందువల్లే అది మరీ ఘోరంగా ఉంది. కేక వేసిన తల్లి పడుకున్న బొమ్మల్లో తన కొడుకును వెతుక్కుంటోంది. అసలు కొడుకు ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు.

నాన్న కుంచె కడుక్కుంటూ మా వైపు తిరిగి నవ్వాడు. “ఎలా ఉంది పంతులమ్మా?”

పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చి నిలబడ్డారు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ నవ్వలేదు. బొమ్మల టీచర్ని వెంటబెట్టుకుని పెద్ద టీచర్ వచ్చింది. గోడను చూసింది, నాన్నను చూసింది, నా దగ్గరికి వచ్చి మెల్లిగా, “మీ నాన్నగారు తాగుతారా?” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన టీ తప్ప ఇంకేం తాగడని గట్టిగా అరిచాను. అరిచాక నాన్న వైపు నడిచాను. నవ్వు ఆయన మొహం మీద ఇంకా ఉంది, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు.

“నాన్నా, ఎర్ర బకెట్టు ఎందుకు తీశావు?”

“ఎర్రదెక్కడ తీశాను? గుడ్డ కట్టిందేగా తీశాను. మీ అమ్మ చెప్పింది.”

బకెట్టు వైపు చూశాను. గుడ్డ నిజంగానే ఎర్ర రంగు బకెట్టు పిడికి ఉంది. చక్కగా రెండు ముడులు. ఎవరో పిల్లలు చెయ్యి తుడుచుకోవడానికి విప్పి, బుద్ధిమంతుల్లా మళ్ళీ కట్టి, కట్టడం మాత్రం పక్క బకెట్టుకు కట్టారు. నేను అది కాదు చూస్తున్నది. బకెట్టు నిండా ఎరుపు ఉంది. గోడ నిండా ఎరుపు ఉంది. ఆయన మోచేతుల దాకా ఎరుపు ఉంది. ఆయన గుడ్డ గురించి మాట్లాడుతున్నాడు.

ఆయన చెయ్యి పట్టి గోడ వైపు చూపించాను. “నాన్నా, ఇది ఏ రంగు?”

“అదేం ప్రశ్నే? ఆకుపచ్చ.”

వసారాలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. అందరూ విన్నారు. వర్ణాంధత్వం అనే మాట నేను చదువుకున్నాను, పరీక్షలో రాసి రెండు మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది మా ఇంట్లో ఉంటుందనుకోలేదు. బొమ్మల టీచర్ రెండో బకెట్టు ఎత్తి ఆయన ముందు పెట్టి, “మరి ఇది?” అని అడిగింది, చాలా మెత్తగా. నాన్న రెండింటి వైపూ చూశాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. తేడా ఆయనకు దొరకలేదు. ఆ తర్వాత కుంచె కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.

నేను వెనకే వెళ్ళాను. ఇంటి దాకా ఆయన ఒక్కసారి కూడా తల తిప్పలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్తే, అమ్మ మంచం మీద కాలు చాపుకుని ఉంది. ఆయన చేతుల వంక చూసింది. ఏం జరిగిందని అడగలేదు.

“గుడ్డ ఊడిపోయిందా?” అంది.

బడి గోడ చూసినప్పుడు కూడా నాకు అంత దిమ్మ తిరగలేదు. నాన్న అమ్మ ముందుకు వెళ్ళి అడిగాడు.

“నీకు తెలుసా?”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“పెళ్ళైన నెలకి” అంది అమ్మ, ఒళ్ళోని దుప్పటి అంచు మడత పెడుతూ. “అప్పటిదాకా మీరు వేసిందంతా వెల్ల. రంగుల పని అదే మొదలు. నేను మీకు అన్నం పట్టుకొచ్చాను. ఆకుపచ్చ వేయాల్సిన తలుపుకి గోధుమ రంగు వేస్తున్నారు. సగం తలుపు అయిపోయింది. ఇంటాయన లోపల పడుకున్నాడు.”

“నువ్వు డబ్బా తన్నేశావు ఆ రోజు” అన్నాడు నాన్న. “తలుపంతా పాడైంది. నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను.”

“కాలు తగిలిందన్నాను. తగల్లేదు.”

ముప్పై రెండేళ్ళు. నేను ఆ గదిలో ఉన్నానని ఇద్దరూ మరిచిపోయారు. ఆయన్ని వదిలి ఉండలేక కాదు అమ్మ రోజూ వెంట వెళ్ళింది. నిచ్చెన కింద నిలబడి, మూరెడు మూరెడుకీ తల ఎత్తి చూడడానికి వెళ్ళింది. నన్ను చంకనేసుకుని కూడా అదే చూసింది. ఆ చాదస్తం, ఆ గుడ్డలు, ఆ వేలెడు చారలు, “ఇదిగోండి లేత ఆకుపచ్చ” అని గట్టిగా చెప్పడం. నేను పగలబడి నవ్విన ప్రతి ఒక్కటీ.

“ఎందుకు చెప్పలేదే?” అన్నాడు నాన్న.

“మొదట భయమేసి చెప్పలేదు. చెబితే కుంచె పారేస్తారు, ఇంకో పని రాదు మీకు. తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారని చెప్పలేదు. ఒక్కోసారి మీకూ తెలుసేమో అనుకునేదాన్ని.”

నాన్న గదిలో ఉన్న వస్తువుల్ని ఒక్కొక్కటే చూశాడు. కుర్చీ, బొంత, కిటికీ. “నాకు అన్నిటి పేర్లూ తెలుసే. మీరంతా చెప్పారు కాబట్టి తెలుసు” అన్నాడు. ఇక ఆ రెండు రోజులూ ఆయన అమ్మతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు, కాబట్టి అందరి మీదా చూపించాను.

శనివారం పొద్దున బొమ్మల టీచర్ ఇంటికి వచ్చింది. గచ్చు సోమవారానికి రాయి అయిపోతుందని, ఆలోగా తేల్చుకోవాలని పెద్ద టీచర్ చెప్పిందట. గడ్డిని మాత్రమే తీయడం కుదరదు, చెక్కితే పిల్లల బొమ్మలు కూడా పోతాయి. “మేస్త్రీ గారూ, సాయంత్రం ఎండ పడ్డ గడ్డి అని చెబుదాం. నా ఊహే అని నేను చెబుతాను. పైన కాస్త పసుపు పొడి అద్దితే నమ్ముతారు” అంది. మంచి మనసుతోనే అంది.

“మీరెందుకమ్మా అబద్ధమాడడం? మా ఇంట్లో సరిపడా ఉంది” అన్నాడు నాన్న. అమ్మ మంచం మీద నుంచి వింటూనే ఉంది. “నేనే చెక్కుతాను. కానీ అది పిల్లల బొమ్మ. వాళ్ళని అడిగి చెక్కుతాను.”

ఆదివారం పిల్లలందరినీ పిలిపించారు. అమ్మ కూడా వస్తానంది. ఈసారి నేను అడ్డం చెప్పలేదు, బండి మాట్లాడి తీసుకెళ్ళాను. నాన్న ముందే వెళ్ళి ఉలి, సుత్తి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మను కుర్చీతో సహా నేనూ బొమ్మల టీచరూ ఎత్తి గోడ ముందు దింపాం. నాన్న లేచి అమ్మ పక్కకు వచ్చాడు. రెండు రోజుల తర్వాత ఆమెతో మొదటి మాట అదే.

“ఎలా ఉందో చెప్పు. నిజం చెప్పు.”

అమ్మ చూసింది. ముప్పై రెండేళ్ళుగా ఆయన ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా బాగుందండీ అనే అంది, నేను విన్నాను. ఆ రోజు ఆ మాట అనలేదు.

“భయంగా ఉందండీ. పిల్లలు రక్తంలో పడున్నట్టుంది.”

నాన్న తల ఊపాడు. కొట్టినట్టయింది ఆయనకు, అయినా తల ఊపాడు. పిల్లల వైపు తిరిగి, “తప్పు నాది. నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు. మొన్నటిదాకా తెలీదని కూడా తెలీదు. మీ బొమ్మలు చెక్కేయాలి. మళ్ళీ గచ్చు పూస్తాను, మళ్ళీ వేసుకుందురు. ఎవరి బొమ్మ దగ్గరికి వాళ్ళు వచ్చి సరేనంటేనే ఉలి పెడతాను” అన్నాడు. నా తండ్రి పదేళ్ళ పిల్లల ముందు అలా నిలబడడం చూడలేకపోయాను. తల దించుకుని సుద్దపొడి లేని చేతులు దులుపుకుంటూ ఉన్నాను.

ఒక్కొక్కరే వచ్చారు. “ఇది నాది, సరే తాతా.” ఉలి దెబ్బ. “నాదిది.” ఉలి దెబ్బ. సగం ఆరిన గచ్చు పెళ్ళలుగా రాలింది. చేతుల మీద నిలబడ్డవాడు తన ముక్క జేబులో వేసుకున్నాడు. ముప్పై మంది అయ్యారు. చివర మిగిలింది క్లాసులోకెల్లా చిన్నది, మేం ‘చీమ’ అని పిలిచే పిల్ల. నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నట్టు గీసుకుంది తనని.

“నాది వద్దు” అంది.

“మళ్ళీ వేసుకోవచ్చమ్మా” అన్నాను నేను.

“మళ్ళీ ఇంత బాగా రాను” అంది. “మొహం ఒక్కసారికే కుదిరింది. కావాలంటే చుట్టూ తీసుకోండి.”

నేను బుజ్జగించాను, బొమ్మల టీచర్ బుజ్జగించింది, పెద్ద టీచర్ గొంతు పెంచింది. చీమ కదల్లేదు. నాన్న ఉలి పట్టుకుని ఆ బొమ్మ ముందుకు వచ్చాడు. “సరేనంటేనే అన్నాను కదా” అని మోకాళ్ళ మీద కూర్చుని, కొలవకుండా, గీత పెట్టకుండా ఆ పిల్ల చుట్టూ నలుచదరంగా కోసి, ఆ పలకను గోడకు అలాగే వదిలాడు. మధ్యలో చీమ, దాని చుట్టూ నాన్న వేసిన ఎరుపు.

తర్వాతి శుక్రవారం అన్నీ మళ్ళీ చేశారు. గచ్చు, బొమ్మలు, గడ్డి. అమ్మ కుర్చీలో కూర్చుని రంగులు కలిపింది. ఈసారి గుడ్డలు కట్టలేదు. నాన్న ప్రతి బకెట్టూ ఎత్తి, “ఇదేంట్రా?” అని అందరి ముందూ అడిగాడు. పిల్లలు గొంతు చించుకుని చెప్పారు. సాయంత్రానికి గోడంతా పచ్చగా ఉంది. ఎడం చేతి వైపు మూల మాత్రం ఆ పలక ఉంది, చూసిన ప్రతివాళ్ళ చూపూ ముందు అక్కడికే పోతుంది.

అందరూ వెళ్ళిపోయాక మేం ముగ్గురమే మిగిలాం. నాన్న గోడ వంక చూస్తూ, “గోడ ఉన్నన్నాళ్ళూ ఉంటుంది నా తప్పు. ఒక్కటి మిగలాలి మిగలాలి అని ఏడ్చాను కదా, అదే మిగిలింది” అన్నాడు.

“తప్పే” అంది అమ్మ. ఇక ఆవిడ ఆయన దగ్గర ఏదీ దాచేలా లేదు. “కానీ మిగతా గోడలన్నీ మనిద్దరివండీ. నలభై ఇళ్ళు కానీ, నాలుగొందల ఇళ్ళు కానీ. ఇది కూడా, ఈ పచ్చదంతా మనదే. ముప్పై రెండేళ్ళలో మీరొక్కరే వేసింది ఆ జానెడే.”

అది ఓదార్పో, ఇన్నేళ్ళ నిచ్చెన కింది ఎదురుచూపులకు అమ్మ కట్టిన లెక్కో నేను ఇప్పటికీ చెప్పలేను. నాన్న ఆ ఎర్ర ముక్క ముందు నిలబడి, దాని అంచున కొత్త గచ్చును వేలితో తాకబోయి, తడి ఆరలేదని ఆగిపోయాడు.

“అవును, అది నాదే” అన్నాడు.